పాదిరి తయారీ: హెర్మన్స్‌బుర్గ్ నుంచి నేటాల్‌కీ నాయుడుపేటకీ

మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పాత ట్రంకు రోడ్డు స్వర్ణముఖిని దాటే చోట ఉన్న ఊరు నాయుడుపేట. ఇక్కడి లూథరన్ సంఘానికీ, దక్షిణాఫ్రికాలో జులూ, త్స్వానా భాషలు మాట్లాడే పల్లెల్లోని లూథరన్ సంఘాలకీ పుట్టిల్లు ఒక్కటే. ఉత్తర జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ అనే చిన్న ఊరు అది. ఆ ఊరి మిషన్ 1854లో దక్షిణాఫ్రికా తీరంలోని నేటాల్‌లో దిగింది, 1865లో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టింది. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి ఆ తర్వాత దాని ఠాణాలయ్యాయి. ఒకే బడిలో చదివిన కుర్రవాళ్లు కొందరు జులూ గుడిసెల మధ్యకి పోతే, కొందరు మన చింతచెట్ల కిందికి వచ్చారు.

పాదిరి అనగానే పుస్తకం పట్టుకుని ప్రసంగించే దొర గుర్తొస్తాడు. నిజానికి అతని రోజులో ప్రసంగం పాలు తక్కువ. మట్టి, నీళ్లు, ఎద్దులు, నిఘంటువు, జ్వరం మందు, జమాఖర్చుల పుస్తకం మిగతా రోజంతా తినేసేవి. ఒక పల్లెటూరి కుర్రవాడు పాదిరి కావడానికి, ఆ పాదిరి చేతిలో ఒక సంఘం తయారు కావడానికి ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో వరసగా చూద్దాం.

కావలసినవి

ఇరవై దాటిన కుర్రవాడు ఒకడు, వాడి చేతిలో ఒక వృత్తి. నాలుగేళ్ల చదువు. సముద్రం దాటించే ఓడ. దిగిన చోట పాలకుడి అనుమతి. ఇటుకలకి పనికొచ్చే మట్టి, తాగడానికి నీళ్లు. ఆ భాషకి ఒక నిఘంటువు, లేకపోతే తానే రాసుకునే ఓపిక. ఇంటికి ఉత్తరాలు రాసే అలవాటు. చివరగా, తప్పుకోవలసిన రోజున తప్పుకునే మనసు. ఈ జాబితాలో అన్నిటికన్నా అరుదుగా దొరికేది ఆ ఆఖరిదే.

మొదటి మెట్టు: మనిషిని ఎంచడం

హెర్మన్స్‌బుర్గ్ చుట్టూ ఉన్నది లూనెబుర్గ్ బీడు. ఇసుక నేల, తుప్పలు, గొర్రెలు, తేనెటీగలు. ఆ ఊరి పాస్టరు లుడ్విగ్ హార్మ్స్ 1849లో మిషనరీల బడి పెట్టారు. మొదటి తరగతిలో పన్నెండుమంది. ఎక్కువమంది రైతు బిడ్డలు, చేతిపనులవాళ్లు.

ఈ ఎంపిక ఆ రోజుల్లో వింత. తమిళ దేశంలో పనిచేస్తున్న లైప్‌జిగ్ మిషన్ విశ్వవిద్యాలయంలో వేదాంతం చదివినవాళ్లనే కోరేది. హార్మ్స్‌ది మరో లెక్క. లాటిన్ రాకపోయినా ఫరవాలేదు, నాగలి పట్టడం, గోడ కట్టడం రావాలి. అందుకే ఆయన బడిలో పాఠంతోపాటు పొలం పనీ ఉండేది. ఆయన తమ్ముడు థియోడర్ చదువు చెప్పేవారు. నాలుగేళ్లు బైబిలు, సంఘ చరిత్ర చదువుతూనే కుర్రవాడు తన తిండికి తాను పని చేసుకోవాలి.

ఇక్కడొక జాగ్రత్త. ఈ చదువులో, వెళ్లబోయే దేశం గురించి తెలిసేది చాలా తక్కువ. అక్కడి మనుషులకి ఇదివరకే దేవుళ్లున్నారని, న్యాయముందని, కవిత్వముందని కుర్రవాడికి ముందుగా ఎవరూ చెప్పేవాళ్లు కాదు. ఆ పాఠం అక్కడికి పోయాకే మొదలయ్యేది. నేర్చుకున్నవాళ్లు నేర్చుకున్నారు, నేర్చుకోనివాళ్లు జీవితాంతం పరాయిగానే ఉండిపోయారు.

రెండో మెట్టు: ఓడ

మనుషులు తయారయ్యారు, వాళ్లని తీసుకుపోయేవాళ్లు దొరకలేదు. ఊరు ఊరే చందాలు వేసుకుని ఓడ కట్టించింది. బైబిల్లో వచ్చే ఇథియోపియా రాణి పేరు మీద దానికి 'కందాకే' అని పేరు పెట్టారు. 1853 అక్టోబరు 28న హాంబుర్గ్ నుంచి బయల్దేరిన ఆ ఓడలో ఎనిమిదిమంది మిషనరీలు, వాళ్లతోపాటు ఎనిమిదిమంది పనివాళ్లు ఉన్నారు.

చేరాలనుకున్నది ఇప్పటి ఇథియోపియాలోని ఒరొమో ప్రజల దగ్గరికి. మొంబాసా దాకా వెళ్లారు. తీరాన్ని ఏలే సుల్తాను మనుషులు లోపలికి పోనివ్వలేదు. ఓడ వెనక్కి తిరిగి నేటాల్ చేరింది. దక్షిణాఫ్రికా పని ఆ విధంగా మొదలైంది, అనుకున్నది అందక దొరికినది పట్టుకుని. మొదటివాళ్లంతా పెళ్లికానివాళ్లే. కాబోయే భార్యలు తర్వాతి ప్రయాణాల్లో వచ్చారు.

మన వైపు దారి వేరు. ఆగస్ట్ మిలియస్ ఇదివరకు లైప్‌జిగ్ మిషన్ తరఫున తమిళనాట పనిచేసినవాడు, ఎండా కొత్త కాదు, దేశమూ కొత్త కాదు. ఉత్తరాన నెల్లూరులో 1840 నుంచి అమెరికన్ బాప్టిస్టులున్నారు, దక్షిణాన తమిళ లూథరన్లున్నారు. మధ్యలో మిగిలిన తెలుగు పట్టీ హెర్మన్స్‌బుర్గ్ పాలయింది. అప్పటికి మద్రాసు నుంచి గూడూరుకి రైలు లేదు, అది 1899లో వచ్చింది. మద్రాసులో దిగిన కుర్రవాడు నాయుడుపేట దాకా సుమారు 110 కిలోమీటర్లు ఎద్దుల బండిలో రావాలి. ఎండకి పగలు ఎక్కడైనా ఆగి, రాత్రుళ్లు బండి తోలించుకుంటూ.

మూడో మెట్టు: అనుమతి, నేల

దిగగానే ప్రసంగం మొదలుపెట్టేవాడు దెబ్బతింటాడు. మొదట అడగవలసింది, ఈ నేల ఎవరిది?

నేటాల్‌లో ఆ మిషన్ గ్రేటౌన్ దగ్గర 'పర్సెవరెన్స్' అనే పొలం కొని దానికి తమ ఊరి పేరే పెట్టుకుంది. మొదట్లో ఆస్తి అంతా ఉమ్మడి, ఎవరి జీతం వాళ్లదంటూ లేదు. జులూలాండ్‌లో రాజు ఒప్పుకోవాలి. బోయర్లనే డచ్చి మూలాల తెల్లవాళ్లు ఏలే ట్రాన్స్‌వాల్‌లో సంగతి ఇంకా చిక్కు. అక్కడ నల్లవారికి తమ పేరున పట్టా దొరికేది కాదు.

ఇక్కడే పాదిరి రోజు అనుకోని మలుపు తిరిగింది. ఆ ట్రాన్స్‌వాల్‌లోని ఫొకెంగ్‌లో ఉన్న హెర్మన్స్‌బుర్గ్ మిషనరీ క్రిస్టోఫ్ పెంజ్‌హార్న్ దగ్గరికి బాఫొకెంగ్ ప్రజల పెద్ద మొక్‌గట్లె ఒక పని మీద వచ్చాడు. కింబర్లీ వజ్రాల గనులకి తన కుర్రవాళ్లని కూలికి పంపి, వాళ్లు తెచ్చిన డబ్బుతో తమ పూర్వీకుల నేలనే తిరిగి కొనాలని అతని ఆలోచన. పట్టా మాత్రం తెల్లవాడి పేరున ఉండాలి. పెంజ్‌హార్న్ తన పేరున రాయించుకుని వాళ్ల కోసం నిలబెట్టాడు. ఆ నేల కింద ప్లాటినం ఉందని 1920లలో తేలింది. ఒక పాదిరి చేసిన సంతకాలు అతని ప్రసంగాలన్నిటికన్నా ఎక్కువ కాలం పనిచేశాయి. పట్టా ఒకడి పేరున, సొమ్ము మరొకరిది అయినప్పుడు నమ్మకం చెడిన కథలు మన ఊళ్లలో కావలసినన్ని. అందుకే ఈ మెట్టు దగ్గర మనిషి గుణం తేలిపోతుంది.

నాలుగో మెట్టు: ఇల్లు, బావి

ఇల్లు కట్టి చూడు అన్నారు మనవాళ్లు. పాదిరి చూశాడు. నేటాల్‌లో దిగినవాళ్లలో కమ్మరి, వడ్రంగి వంటి పనివాళ్లు ఎందుకున్నారో అప్పుడు తెలిసింది. అందరూ కలిసి కట్టుకున్న తొలి పెద్ద మిషను ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది, మ్యూజియంగా మారింది. 1856లో అక్కడే మొదలైన బడి కూడా నడుస్తోంది. దక్షిణాఫ్రికా యూనియన్‌కి మొదటి ప్రధాని అయిన లూయీ బోథా అందులో చదువుకున్నవాడే.

నాయుడుపేట లాంటి చోట వరస ఇలా ఉంటుంది. మొదట బావి. నీటి ఊట పడితేనే మిగతావి. బంకమట్టి తొక్కించి, ఇటుక కోయించి, ఎండబెట్టి, ఆవం పెట్టి కాల్చాలి. ఇసుకకి స్వర్ణముఖి ఉంది. గచ్చుకి సున్నం. ఇంటికి ఎత్తయిన పైకప్పు, చుట్టూ వసారా. ఆ వసారా ఎండని ఆపడానికే కాదు, రోగులు, పంచాయితీలకొచ్చినవాళ్లు, అర్జీ రాయించుకునేవాళ్లు కూర్చునేది అక్కడే. ఆ పక్కన బడి, దాని పక్కన బోర్డింగు, ఆఖరున గుడి. చాలాచోట్ల మొదట లేచింది గుడి కాదు, బడే. ఆదివారం ఆ బడిలోనే ఆరాధన.

ఐదో మెట్టు: భాష

ఇది అన్నిటికన్నా పొడుగాటి మెట్టు. కనీసం రెండేళ్లు. ఇంటి పని కాగానే, వేడి పెరగకముందే, ఒక మునిషీని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవాలి.

తెలుగు దేశానికి వచ్చినవాడిది ఒక రకంగా అదృష్టం. బ్రౌను దొర నిఘంటువు 1852లో వెలువడింది. అంతకుముందే 1816లో కాంబెల్ వ్యాకరణం, 1840లో బ్రౌను వ్యాకరణం ఉన్నాయి. తెలుగులో కొత్త నిబంధన 1818 నాటికే అచ్చయింది. త్స్వానాల దగ్గరికి వెళ్లినవాడికి కురుమాన్‌లో మిషనరీ రాబర్ట్ మొఫాట్ 1857లో పూర్తిచేసిన బైబిలు అందింది. జులూల మధ్యకి పోయినవాడు తొలి ఏళ్లలో చెవినే నమ్ముకోవాలి. బిషప్ కొలెన్సో జులూ నిఘంటువు 1861లో వచ్చింది.

ఎక్కడ కష్టం? జులూలో నాలుకతో చప్పరించినట్టు పలికే హల్లులు, జర్మన్ నోటికి నెలల తరబడి లొంగనివి. తెలుగులో ణ, ళ. అవి పలికాక కూడా ఒక అగడ్త మిగిలేది. మునిషీ నేర్పేది పుస్తకాల తెలుగు, వాడల్లో వినబడేది మరొక తెలుగు. పాదిరి గ్రాంథికంలో నోరు తెరిస్తే మాలపల్లె ముసలమ్మ నవ్వి లోపలికి పోయేది. తెలివైనవాడు పొద్దున మునిషీ దగ్గర, సాయంత్రం పశువులు కాసే పిల్లల దగ్గర నేర్చుకునేవాడు. పిల్లలు మొహమాటం లేకుండా తప్పు దిద్దుతారు.

ఆరో మెట్టు: ఒక రోజు గడపడం

పైవన్నీ కుదిరాక దినచర్య మొదలవుతుంది. అది దాదాపు ఎక్కడైనా ఒక్కటే.

తెల్లవారకముందు గంట. ఇంటివాళ్లు, పనివాళ్లు, బోర్డింగు పిల్లలు కలిసి ప్రార్థన. పొద్దు పైకి రాకముందు చేతిపని: తోట, గోడ, బండి చక్రం. తర్వాత బడి. ఆ తర్వాత వసారాలో మందులు. క్వినైన్, కంటి మందు, పుండ్లకి కట్టు. చాలామంది డాక్టర్లు కారు, ఇంట్లోంచి తెచ్చుకున్న పెట్టే వాళ్ల ఆసుపత్రి. మధ్యాహ్నం ఎండలో చదువు, రాత. పొద్దు వాలాక వాడకి నడక. కూలి నుంచి మనుషులు తిరిగొచ్చేది అప్పుడే, కాబట్టి మాట్లాడటానికి వీలైన వేళ కూడా అదే. రాత్రి దీపం కింద లెక్కలు.

తేడా దారుల్లో, కాలాల్లో ఉంటుంది. నేటాల్‌లో ఊళ్లు తిరగడమంటే పన్నెండు, పదహారు ఎద్దులు లాగే పెద్ద బండి, దారి లేని కొండవాలు. మన వైపు వానలు వెనకబడ్డాక, మార్గశిరం నుంచి, డేరా వేసుకుని పల్లెపల్లెకీ 'కాంపు'. రోహిణి కార్తెలో ఎవరూ బయటికి రారు, పాదిరీ రాడు.

కరువొస్తే ఈ చర్య అంతా తలకిందులు. 1876-78 ధాత కరువులో కోస్తాలో పాదిరులు గంజి కాయించారు, మట్టి పనుల మేస్త్రీలయ్యారు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవాళ్లకి కూలి ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజే అక్కడ 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. తిండి కోసమా, నమ్మకంతోనా అన్న వాదం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కరువు కాలంలో బాప్తిస్మం ఇవ్వనని క్లౌ నెలలపాటు ఆపి ఉంచాడన్నది కూడా ఆ వాదంలో చేర్చి చూడాలి. తిండికన్నా పెద్ద కారణం ఒకటుంది. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి బడిలో బల్ల మీద చోటు దొరికింది.

ఏడో మెట్టు: ఉత్తరాలు, లెక్కలు

హెర్మన్స్‌బుర్గ్ 1854 నుంచి ఒక మాసపత్రిక వేసింది. మిషనరీలు రాసే ఉత్తరాలే దానికి సరుకు. రైతులు ఆ పత్రిక చదివి చందాలిచ్చేవాళ్లు, ఆ చందాలతో ఓడ మళ్లీ కదిలేది. అందుకని ఉత్తరం రాయడం సరదా పని కాదు, జీతం తెచ్చే పని.

ఇందులో ఒక ప్రమాదముంది. చందా రావాలంటే కథ రక్తి కట్టాలి. చీకట్లో ఉన్న జనం, వెలుగు తెచ్చిన పాదిరి. చాలా ఉత్తరాల్లో ఈ బాణీ వినిపిస్తుంది. నీళ్లు తోడిన, భాష నేర్పిన, దారి చూపిన స్థానికుల పేర్లు చాలాసార్లు కనబడవు. ఆ కాగితాలు ఇవాళ చదివేవాడు ఆ ఖాళీలని గుర్తుపెట్టుకుని చదవాలి. అలాగని పారేయడానికి లేదు. ఒక ఏడు వాన ఎంత పడింది, వరి ధర ఎంత, ఏ వాడలో కలరా వచ్చింది అన్న సంగతులు వాటిలో దొరుకుతాయి.

ఎనిమిదో మెట్టు: ఉపదేశి

సంఘం పాకంలో పడిందా లేదా అన్నది ఇక్కడ తెలుస్తుంది. పాదిరి ఒక్కడు యాభై పల్లెలు తిరగలేడు. పల్లెకొక ఉపదేశి కావాలి. రాత్రిబడి నడిపేది, జ్వరమొస్తే వెళ్లి కూర్చునేది, చావుకి పాట పాడేది అతనే. ఇళ్లలోపలికి పోయి ఆడవాళ్లకి చదువు చెప్పేది బైబిలు స్త్రీ. పాదిరి పేరు రాతిమీద ఉంటుంది, సంఘం మాత్రం వీళ్ల కాళ్లమీద నిలిచింది.

ఆఫ్రికాలో దీనికి మంచి ఉదాహరణ త్స్వానాల్లో బక్వేనా తెగ రాజు సెచెలె. 1848లో మిషనరీ లివింగ్‌స్టన్ అతనికి బాప్తిస్మమిచ్చి, తర్వాత తన దారిన తాను వెళ్లిపోయాడు. పాదిరి లేకపోయినా సెచెలె తానే చదివి, తానే తన జనానికి బోధించాడు. 1857లో హెర్మన్స్‌బుర్గ్ కుర్రవాళ్లు చేరేసరికి అక్కడ ప్రార్థన జరుగుతూనే ఉంది. వాళ్లు వెలిగించవలసిన దీపమేమీ మిగల్లేదు.

మనల్ని ఈ మెట్టు చరిత్రే ఎక్కించింది. 1914లో యుద్ధమొచ్చింది. జర్మన్ మిషనరీలు శత్రుదేశం మనుషులయ్యారు. నిర్బంధించి, 1915-16లో ఓడెక్కించి పంపేశారు. ఆ ఓడ పేరు గోల్కొండ! అమెరికా నుంచి ఒహాయో సినడ్ లూథరన్లు వచ్చి పని అందుకునేదాకా పల్లెల్లో గంట మోగించింది ఉపదేశులు, పంతుళ్లే. 1945లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం తన కాళ్లమీద నిలబడింది.

తొమ్మిదో మెట్టు: ఎదురు ప్రయాణం

ఇప్పుడు ఓడ దిశ మారుతుంది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి కూలీలని తెచ్చి నేటాల్‌లోని డర్బన్‌లో దింపింది. 1911 దాకా లక్షన్నరకు పైగా మనుషులు అలా వెళ్లారు, మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. వాళ్లలో తెలుగువాళ్లు వేలమంది. విశాఖ వైపు వాళ్లు, అప్పట్లో చిత్తూరు కలిసి ఉన్న ఉత్తర ఆర్కాటు వాళ్లు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకి పది షిల్లింగులు, ఎస్టేటు దాటి పోవాలంటే పాసు.

వాళ్ల కోసం 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టులు తమ డబ్బుతో తమ మనిషిని పంపారు. ఆయన జాన్ రంగయ్య, బడిలో పంతులుగా పనిచేసినవారు. పైన చెప్పిన మెట్లన్నీ ఆయనకీ తప్పలేదు, కాకపోతే వరస మారింది. భాష మెట్టు లేదు, తన భాషే. ఇటుక మెట్టు లేదు, కూలీల బారకాసులే గుడి. అనుమతి మెట్టు మాత్రం రెండింతలు. కూలీల దగ్గరికి పోవాలంటే ఎస్టేటు యజమాని ఒప్పుకోవాలి. పొద్దంతా తేయాకు కోసో, చెరకు నరికో వచ్చినవాళ్లు దొరికేది రాత్రి, లేదా ఆదివారం. అందుకని ఆయన రోజు పొద్దు వాలాకే మొదలయ్యేది. ఒక ఎస్టేటు నుంచి మరో ఎస్టేటుకి నడక, అక్షరం రానివాళ్లకి అక్షరం, ఇంటికి ఉత్తరం రాయమన్నవాళ్లకి ఉత్తరం. లీజ్ హ్యూలెట్ తేయాకు తోట ఉన్న కియర్స్‌నీలో 1903 డిసెంబరు 27న మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

ఈయన వెనక జెండా లేదు, తుపాకీ లేదు. వెళ్లిన చోట ఆయన కూడా నల్లవాడే, ఆయనకీ రంగు నియమాలు తప్పవు. హెర్మన్స్‌బుర్గ్ కుర్రవాడికి పాలకుల నీడ ఉండేది, కావాలన్నా వద్దన్నా. రంగయ్యకి ఉన్న ఆస్తి ఒక్కటే, విన్నవాళ్లకి ఆయన మాట అమ్మ మాటలా వినబడటం.

సరిగ్గా తయారైందో లేదో చూసుకునే విధం

ఇవాళ కూడా మన జిల్లాల నుంచి కుర్రవాళ్లు ఆఫ్రికాకి సువార్త పనికి వెళుతున్నారు. వెళ్లేముందు ఈ మెట్లు ఒకసారి సరిచూసుకోవడం మంచిది. చేతిలో వృత్తి ఉందా? అక్కడ మీకన్నా ముందే పనిచేస్తున్నవాళ్లని కనుక్కున్నారా? భాషకి రెండేళ్లు ఇస్తారా, దుబాసీతో సరిపెడతారా? లెక్కల పుస్తకం ఎవరికైనా చూపించగలరా? పంపే ఉత్తరంలో, ఇప్పుడైతే ఫొటోలో, అక్కడివాళ్ల పేర్లు, పరువు మిగిలాయా? మీరు రేపు లేకపోతే పని ఆగుతుందా?

ఆఖరి ప్రశ్నకి 'ఆగుతుంది' అన్న జవాబొస్తే పని ఇంకా పూర్తి కాలేదు. తీసుకునే ఊరు పంపే ఊరు అయినప్పుడే ఒక మిషన్ తయారైనట్టు. 1840లో మొదలుపెట్టిన నెల్లూరుకి 1903లో మనిషిని పంపేదాకా పట్టింది 63 ఏళ్లు.